మృగశిరకు ముందు ఒక ఆదివారం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే ఆఖరి ఆదివారం నాడు వరంగల్‌లో రోళ్ల సంగతి తెలియదు గానీ, పొద్దున తొమ్మిదింటికే బండి సీటు మీద చెయ్యి పెట్టలేకపోయాం. అంత ఎండలో నేను, మా రూమ్మేటు, వాళ్ల బాపు కలిసి రెండు బండ్ల మీద రెండు దుకాణాలు, మూడు చెరువులు తిరిగొచ్చాం. చేపలు పట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. వానలు పడి కొత్త నీళ్లు రాకముందే కావాల్సిన సామాను చూసుకోవడం, ఏ చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో, తూము ఎలా ఉందో, మత్తడి ఎలా ఉందో ఓసారి చూసి రావడం వాళ్ల బాపుకు ప్రతి ఏడూ అలవాటు. ఈసారి మమ్మల్ని కూడా రమ్మన్నాడు. హాస్టల్‌లో ఈ మాట చెబితే "చేపలు పట్టనిదానికి చెరువుల పొంటి తిరుగుడెందుకు బే?" అని అందరూ నవ్వారు.

నాకైతే అంత వింతగా అనిపించలేదు. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తాడు. అక్కడికి పోయాక ఆయనకు ట్రౌట్ చేపల పిచ్చి పట్టింది. మిషిగన్‌లో చాలా నదుల్లో ట్రౌట్ పట్టే కాలం ఏప్రిల్ ఆఖరి శనివారం మొదలవుతుంది. దానికి రెండు మూడు వారాల ముందే అన్నయ్య ఒక రోజు ఖాళీ చేసుకుని గ్రేలింగ్ అనే చిన్న ఊరి దాకా కారేసుకుని వెళ్తాడు. ఆ ఊరి పక్కనుంచి ఆసేబుల్ అనే నది పారుతుంది. ట్రౌట్ నదులను కాపాడాలని 1959లో 'ట్రౌట్ అన్‌లిమిటెడ్' అనే సంస్థ పుట్టింది ఆ నది ఒడ్డునే. అక్కడి దుకాణాల్లో పక్షి ఈకలు, జంతువుల వెంట్రుకలు, దారం కలిపి గాలపు ముల్లుకు కట్టిన దొంగ పురుగులు అమ్ముతారు. ఏ నెలలో నీళ్ల మీద ఏ పురుగు ఎగురుతుందో ఆ నెలలో అలాంటిదే కొనాలి. అన్నయ్య దుకాణం వాళ్లతో గంటసేపు ముచ్చట పెట్టి, నాలుగు పురుగులు కొని, నది ఒడ్డున కాసేపు నిలబడి ఇంటికొచ్చేస్తాడు. తర్వాత సీజన్లో పట్టిన చేపను కూడా ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలోనే వదిలేస్తాడు.

ఇదంతా చెబితే మా వాడి బాపు చాలాసేపు ఆలోచించాడు. "పట్టి ఇడిచిపెట్టుడా? మరి పట్టుడెందుకు? చేపకు ముల్లు నొప్పి, మనిషికి పెట్రోలు ఖర్చు" అన్నాడు. కాసేపాగి, "గాని ముందుగాల పోయి నీళ్లు సూసుడు మాత్రం మంచి పని" అని ఒప్పుకున్నాడు. నేను మొదట్లో ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి. "అంకుల్ ఏందిరా, కాకా అను" అన్నాడు. అప్పట్నుంచి కాకానే.

ఈ ఏడు కాకా మమ్మల్ని వెంటబెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. వాళ్ల ఊళ్లో మత్స్య పారిశ్రామిక సహకార సంఘం ఉంది. అందరూ 'సొసైటీ' అంటారు. ఊరి చెరువులో చేపపిల్లలు వేసి, పెంచి, పట్టుకునే హక్కు ఆ సొసైటీది. మా వాడి తాత అందులో మెంబరు, బాపు మెంబరు. ఇప్పుడు కొత్త మెంబర్లను చేర్చుకునే మాట నడుస్తోంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే మత్స్యశాఖ వాళ్లు వచ్చి నైపుణ్య పరీక్ష పెడతారు. ఈత రావాలి, వల విసరడం రావాలి, వల అల్లడం రావాలి. మా వాడికి ఈత వచ్చు. మిగతా రెండూ రావు. చిన్నప్పుడే ఇంగ్లీష్ మీడియం హాస్టల్లో వేశారు కాబట్టి సెలవుల్లో తప్ప చెరువు మొహం చూడలేదు.

అసలు చిక్కు అది కూడా కాదు. పరీక్షకు నిలబడాలా వద్దా అన్నదే వాడికి తేలడం లేదు. "నేను రేపు హైదరాబాద్‌లనో బెంగళూరులనో ఉంట. చెరువుల దిగనోనికి చెరువుల వాటా ఎందుకు?" అంటాడు. చెరువు అంతే, చేపలు అంతే. మెంబర్లు పెరిగితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. వాడి పేరు ఎక్కితే రోజూ నీళ్లలో దిగే మనిషి చేతిలోంచి కొంత పోయినట్టే. ఇది వాడి లెక్క. కాకా లెక్క వేరే. ఆ రోజంతా ఈ రెండు లెక్కల మధ్య నేను బండి వెనక కూర్చుని తిరిగాను.

మొదటి దుకాణం వరంగల్ చౌరస్తా నుంచి లోపలికి వెళ్తే వస్తుంది. బయట తాళ్ల కట్టలు, టార్పాలిన్లు, పశువుల మెడపట్టెలు వేలాడుతున్నాయి. లోపల గోడంతా వలలే. ఆకుపచ్చవి, నీలివి, తెల్లవి. వల గజాల లెక్కన అమ్ముతారేమో అనుకున్నాను. కాదు, ఉల్లిగడ్డల్లాగా తూకం వేసి కిలోల లెక్కన ఇస్తారు. పేనిన నైలాన్ దారంతో చేసినది ఒక రకం. ఒంటి పోగు ప్లాస్టిక్ దారంతో చేసినది ఇంకో రకం, దాన్ని తంగూసు అంటారు. తంగూసు నీళ్లలో కనపడదు కాబట్టి చేప తప్పించుకోలేదు. కానీ ఎండకు తొందరగా పెళుసెక్కుతుంది, తెగితే చెరువులోనే ఉండిపోయి ఎవరికీ పనికిరాకుండా చేపల్ని చంపుతూ ఉంటుంది.

కాకా ధర అడగలేదు. ముందు వల కన్నులో వేళ్లు పెట్టి చూశాడు. వల గళ్లను కన్నులు అంటారని అప్పుడే తెలిసింది. రెండు వేళ్లు పట్టే కన్ను, మూడు వేళ్లు పట్టే కన్ను, నాలుగు వేళ్లు పట్టే కన్ను. పెద్ద కన్నులోంచి చిన్న చేప తప్పించుకుని పోయి పెద్దదవుతుంది. దుకాణం సేటు ఒక సన్న కన్ను వల తీసి ముందు పెట్టాడు. దోమతెర కంటే కొంచెం నయం, అంతే. "ఇది బాగా పోతుంది" అన్నాడు. కాకా దాన్ని చేత్తో పక్కకు జరిపి, "గిది చేపల వల కాదు సేటూ, చెరువును ఊడ్సే చీపురు" అన్నాడు. సేటు నవ్వి మడత పెట్టేశాడు. ఆయనకూ తెలుసు.

రెడీమేడ్ విసురు వల మూడు వేల దాకా చెప్పాడు. కాకా అది కొనలేదు. మూడు వేళ్ల కన్ను వల గుడ్డ, అంచుకు కట్టే తాడు, నాలుగు కిలోల సీసం గుండ్లు, అల్లే దారం విడివిడిగా కొన్నాడు. "కుట్టుకుంటె పని ఒస్తది. కొనుక్కుంటె వల ఒక్కటే ఒస్తది" అని కొడుకు వైపు చూడకుండానే అన్నాడు. వాడు సీసం సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

రెండో దుకాణం హనుమకొండలో ఉంది. చూస్తే మా సీనియర్ ఎవరో పెట్టినట్టు ఉంది. ఏసీ, గ్లాసు షెల్ఫులు, గోడకు వరసగా గాలపు రాడ్లు, రీళ్లు. సెలవు రోజుల్లో సరదాకి చేపలు పట్టేవాళ్ల కోసం పెట్టిన దుకాణం. ఆదివారం కాబట్టి సాఫ్ట్‌వేర్ వాళ్లలా కనిపించే ఇద్దరు రీలు తిప్పి చూసుకుంటున్నారు. ఈ సరదా మన దగ్గర నిన్న మొన్న వచ్చింది కాదట. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ అనే ఇంగ్లీషు అధికారి 1873లోనే 'ది రాడ్ ఇన్ ఇండియా' అని మన దేశంలో గాలం వేయడం గురించి ఒక పుస్తకం రాశాడు. తర్వాత చెరువుల్లో గాలం వేయడం గురించే విడిగా ఇంకోటి రాశాడు. వాళ్లు తమ ట్రౌట్‌ను కూడా ఇక్కడికి తెచ్చుకున్నారు. కానీ దానికి చల్లటి నీళ్లు కావాలి. నీళ్లు దాదాపు 20 డిగ్రీలు దాటితే తట్టుకోలేదు. అందుకే కశ్మీర్‌లో, నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో బతికింది. మన వరంగల్ ఎండలకు అది ఒక్క పూట కూడా ఉండలేదు.

మన ఎండలకు తగిన చేప కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప అదే. దానికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మింగి పోతుంది. చెరువు ఎండి బురద అయినా, ఆ తడి బురదలో దాక్కుని వానల దాకా బతకగలదు. దుకాణం అబ్బాయి దాని కోసమే ఒక రబ్బరు కప్పను చూపించాడు. పచ్చగా, కళ్లు పెట్టి, నిజం కప్పలాగే ఉంది. వీపు కింద రెండు ముళ్లు దాచి ఉన్నాయి. "వానాకాలం మొదట్లో కొర్రమీను పిల్లల గుంపు నీళ్ల పైన కనపడుతుంది సార్. దాని మధ్యలో ఈ కప్పను వేయండి. పిల్లల్ని తినడానికి వచ్చిందనుకుని తల్లి వచ్చి గట్టిగా కొడుతుంది. మిస్సే కాదు" అన్నాడు. కాకా కప్పను అరచేతిలో పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. పనితనం నచ్చిందని మొహం చూస్తే తెలుస్తోంది. కానీ కొనలేదు. చిన్న పిల్లలు పరిగెలు పట్టుకునే సన్న గాలాలు పది కొని బయటికి వచ్చేశాడు.

ములుగు రోడ్డు ఎక్కేసరికి గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. ఆత్మకూరు, మల్లంపల్లి దాటి ములుగులో తాటిముంజలు తిన్నాం. రోడ్డు పక్క కల్లాల్లో తునికాకు కట్టలు ఆరబోసి ఉన్నాయి. జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగి పాలంపేట చేరాం. రామప్ప గుడి గురించి నేను ఇక్కడ చెప్పేదేం లేదు. 1213లో కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, 2021 జూలైలో యునెస్కో జాబితాలో చేరిందని అందరికీ తెలుసు. నీళ్ల మీద తేలే ఇటుకల గురించి కూడా బస్సు దిగిన ప్రతివాళ్లూ మాట్లాడుకుంటారు. ఆ బస్సుల్లో సగం మంది కూడా చెరువు కట్ట ఎక్కరు. గుడి కట్టించినవాళ్లే పక్కన కొండల మధ్య కట్ట వేసి చెరువు కూడా కట్టించారు. ఆ రోజుల్లో గుడి, ఊరు, చెరువు మూడూ కలిపే ఆలోచించేవాళ్లట. నర్సంపేట దగ్గరి పాకాల కూడా గణపతిదేవుడి కాలందే. ఎనిమిది వందల ఏళ్లుగా ఇవి నీళ్లు పట్టి ఉంచుతున్నాయి. మనం రాసిన కోడ్ ఎనిమిది నెలలు ఉంటే గొప్ప.

కాకా గుడికి దూరం నుంచే దండం పెట్టి నేరుగా కట్ట మీదికి తీసుకెళ్లాడు. కట్ట లోపలి వైపు రాళ్ల మీద నీళ్లు దిగిపోయిన గీతలు ఉన్నాయి. ఒక్కొక్క గీత ఒక్కో నెల అని చూపించాడు. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల వల్ల గోదావరి నీళ్లు ఈ చెరువుకు వస్తున్నాయి కాబట్టి ఎండాకాలంలో కూడా నీళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత మత్తడి వైపు నడిపించాడు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు అది. బడిలో దీన్ని 'సర్‌ప్లస్ వెయిర్' అని చదువుకుని రెండు మార్కులు తెచ్చుకున్నాను. ఆ రెండు మార్కుల జవాబులో చేపల మాట లేదు. మత్తడి దుంకిన రోజు కింద వాగులోంచి చేపలు ఆ జోరుకు ఎదురెక్కుతాయి. ఊరంతా బుట్టలు, వలలు పట్టుకుని అక్కడే ఉంటుంది.

"ఎదురెక్కుడెందుకు కాకా?" అని అడిగాను.

"గుడ్లు పెట్టనీకి. పారే నీళ్లు గావాలె వాటికి" అన్నాడు.

నేను ఫోన్లో వెతికి చదివితే ఆయన మాటే అక్కడ కూడా ఉంది. బొచ్చె, రవ్వ, మృగాల అనే మన పెద్ద చేపలు నదిలో, వరద నీళ్లలో గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువు నీళ్లలో పెరుగుతాయి, బరువెక్కుతాయి, కానీ పిల్లల్ని కనవు. అందుకే ఒకప్పుడు నదుల్లోంచి పిల్లల్ని పట్టి తెచ్చి చెరువుల్లో వేసేవాళ్లు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి నుంచి తీసిన రసాన్ని తల్లి చేపకు సూది ద్వారా ఎక్కించి, నిలవ నీళ్లలోనే గుడ్లు పెట్టించాడు. మన దేశంలో జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకోవడం అందుకే. ఈ రోజు మన చెరువుల్లో పడే ప్రతి బొచ్చె పిల్లా ఆ సూది వల్ల పుట్టిందే. 2016 నుంచి తెలంగాణలో ప్రభుత్వం సొసైటీలకు చేపపిల్లల్ని ఉచితంగా ఇస్తోంది. ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో లారీల మీద వస్తాయి.

ఇదంతా చదివి వినిపిస్తే కాకా తల ఊపాడు. "మా తాత గోదారి దాకా పోయి కుండలల్ల పిల్లలు తెచ్చెటోడట. ఒక్క సూదితోని గంత నడక తప్పిచ్చిండా ఆయన? మంచోడు" అన్నాడు.

మధ్యాహ్నానికి వాళ్ల ఊరు చేరాం. చింతచిగురు, ఎండురొయ్యల కూరతో అన్నం తిని, ఎండ కాస్త దిగాక ఊరి చెరువుకు వెళ్లాం. రామప్ప ముందు ఇది పసిపిల్ల. దీనికి గోదావరి రాదు. వాన ఎంత ఇస్తే అంత. నీళ్లు నడుమ ఒక మడుగంత మిగిలాయి. చుట్టూ ఎండి నెర్రెలు పట్టిన శిఖం భూమి. ఆ శిఖంలోనే పాత వలతో మా వాడి ప్రాక్టీసు మొదలైంది.

వల విసరడం చూస్తే సులువు. తాడు చివర ఉచ్చు ఎడమ మణికట్టుకు వేసుకోవాలి. వలను మడతలు మడతలుగా చేతిలోకి తీసుకోవాలి. కొంత మోచేతి మీద, కొంత కుడి చేతిలో, సీసం అంచులో ఒక ముక్క పళ్ల మధ్య. నడుము తిప్పి, అన్నీ ఒకేసారి వదలాలి. పళ్లు అర సెకను ఆలస్యంగా వదిలితే పన్ను వస్తుందో వల వస్తుందో చెప్పలేం. కాకా విసిరితే నెర్రెల మీద పళ్లెం పెట్టినట్టు గుండ్రంగా పడింది. మా వాడు విసిరితే అరటిపండు ఆకారంలో పడింది. రెండోసారి పడనే లేదు, మెడకు చుట్టుకుంది. నేను కూడా ఒకసారి విసిరాను. సీసం గుండ్లు నా మోకాలికే తగిలాయి. గట్టు మీద మేకలు కాసే పిల్లలకు సాయంత్రం బాగా గడిచింది.

గట్టు మీద వేపచెట్టు కింద సొసైటీ పెద్దమనుషులు ముగ్గురు కూర్చుని ఉన్నారు. అందులో ఒకాయన కాకాకు వరసకు బావ. ఆయన మొహమాటం లేకుండా అడిగేశాడు. "ఇంజినీరు సారుకు మెంబర్‌షిప్ ఎందుకు బావా? రేపు లచ్చల జీతం తీసుకుంటడు. ఈడ పండుగకు చేపలు తినిపోతడు. కాపలా మేము కాయాలె, వాటా ఆయనకియ్యాల్నా?"

నా గుండె దడదడలాడింది. ఎందుకంటే మా వాడు రాత్రుళ్లు నాతో చెప్పే మాట అదే, ఇంకో గొంతుతో వచ్చింది. కాకా కోపం చేసుకోలేదు. "బావా, నువ్వన్నది తప్పు గాదు" అని, చెట్టు కింద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల తాత పేరు సొసైటీ కాగితం మీద ఎక్కకముందు ఈ చెరువులో చేపలు కాంట్రాక్టరువి. వీళ్లు ఆయన దగ్గర కూలీలు. పట్టిన చేపలో తలకాయ కూడా ఇంటికి తెచ్చుకోవడానికి అడగాల్సి వచ్చేది. పేరు ఎక్కాక చెరువు వీళ్లదైంది. "ఉద్యోగం ఒస్తది, పోతది. కరోనా అప్పుడు ఎంతమంది పట్నం నుంచి తిరిగొచ్చిండ్రో నువ్వు సూడలేదా? నీళ్లల్ల పేరు ఉండాలె. పేరు ఉంటె ఒచ్చినోడు నిలబడ్తడు."

"పేరు ఉంటె పని కూడ ఉండాలె గదా బావా" అన్నాడాయన.

ఇద్దరిలో ఎవరిది తప్పు అని చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఆ మాటల మధ్యలోనే కాకా ఉన్నట్టుండి లేచి మమ్మల్ని చేత్తో పిలిచాడు. మడుగు అంచున, తుంగ మొక్కల పక్కన, నీళ్ల పైన ఎర్రటి మచ్చ ఒకటి కదులుతోంది. మొదట తుప్పు పట్టిన నాచు అనుకున్నాను. దగ్గరికి పోతే అది వందల చేపపిల్లలు. అగ్గిపుల్లంత కూడా లేవు. ఒకటి తర్వాత ఒకటి పైకి వచ్చి గాలి మింగుతుంటే నీళ్ల మీద చిన్న వాన పడుతున్నట్టు చుక్కలు లేస్తున్నాయి. వారం కింద పడిన రెండు అకాల వానలకే కొర్రమీను పిల్లలు పెట్టింది. సూదులు లేవు, లారీలు లేవు, మిల్లీమీటర్ల లెక్క లేదు. బురదలో ఎండాకాలం దాటిన చేప తన పని తాను చేసుకుంది.

"కింద ఉంటది పెద్దది. సూడు, నీడ" అన్నాడు కాకా. నిజమే, ఆ ఎర్ర గుంపు కింద మొద్దులాంటి నల్లటి ఆకారం ఒకటి కదలకుండా ఉంది. దాన్ని అందరూ తల్లి అంటారు గానీ కాపలాలో తండ్రి కూడా ఉంటుందని తర్వాత చదివాను. పొద్దున చూసిన రబ్బరు కప్ప నాకు గుర్తొచ్చింది. "కాకా, అందుకేనా మీరు కొనలేదు?" అని అడిగాను.

"అది కొడ్తది బిడ్డా. ఆకలికి కాదు, పిల్లల కోసం కొడ్తది. దాన్ని పడితే పూటకు కూర అయితది. ఈ పిల్లలు పొద్దుగూకేసరికి కప్పలకు, కొంగలకు పోతయ్. మంది ఎవలన్న పట్టుకుంటె నేను ఆపలేను. నా చేతితోని అయితే పట్ట" అన్నాడు. సొసైటీలో దీని మీద రాసిపెట్టిన రూలేం లేదట. వేపచెట్టు కింద ఉన్న బావ కూడా వచ్చి చూసి, ఏం మాట్లాడకుండా, అటువైపు మేకలను తోలొద్దని పిల్లల్ని కేకేశాడు. ఇందాక వాటా గురించి గొడవపడిన మనిషే.

ఊరి నుంచి లక్నవరం దగ్గరే. చల్వాయి మీదుగా పోయేసరికి పొద్దు వాలుతోంది. ఇది కూడా కాకతీయుల చెరువే. కొండల మధ్య ఇరుకు సందులకు చిన్న చిన్న కట్టలు వేసి ఇంత పెద్ద నీళ్లను ఆపారు. వేలాడే వంతెన మీద జనం రీల్స్ తీసుకుంటున్నారు. బోటు మైకులో పాటలు. మేం వంతెన ఎక్కకుండా కట్ట మీద కూర్చున్నాం. దూరంగా ఒకతను థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని, చేతులతోనే తోసుకుంటూ వల వేసుకుంటున్నాడు. వంతెన మీద వాళ్ల ఫొటోల్లో అతను ఒక చుక్కలా పడి ఉంటాడు.

అక్కడ మా వాడు నోరు విప్పాడు. "బాపూ, నేను పరీక్షకు నిలబడ్త. కానీ ఒక్క మాట. ఏడాదికి చేపలు పట్టే రోజులు ఎన్ని?"

"గట్టిగ పదిహేను ఇరవై రోజులు. కాపలా వేరే."

"ఆ రోజులకు నేను లీవ్ పెట్టి ఒస్త. కాపలా నా వంతు పడ్డ రాత్రి కూడ ఒస్త. ఏ ఏడు రాలేదో ఆ ఏడు వాటా తీసుకోను. ఈ మాట సొసైటీ మీటింగుల నువ్వు కాదు, నేనే చెప్త. మామకు కూడ."

కాకా కొంచెంసేపు నీళ్ల వైపే చూశాడు. "ముందు వల గుండ్రంగ పడనియ్" అన్నాడు. అంతే. కానీ తిరిగి వచ్చేటప్పుడు ములుగులో బండి ఆపి, అడగకుండానే ముగ్గురికీ లస్సీ చెప్పాడు. కొడుకు బండి మీదున్న సీసం సంచిని తీసి తన బండి మీద కట్టుకున్నాడు.

తర్వాత జూన్ 8న మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు చేప తినాలని మనవాళ్ల నమ్మకం కాబట్టి వరంగల్ మార్కెట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వాళ్లు ఇచ్చే చేప మందు కోసం బారులు. ఆ మందును మింగించేది చిన్న కొర్రమీను పిల్లతోనే. టీవీలో ఆ వరసలు చూస్తున్నంతసేపు నాకు మడుగు అంచున ఉన్న ఎర్ర మచ్చే కనిపించింది. కాకాకు ఫోన్ చేసి అడిగితే, వాన ఇంకోటి పడిందని, మచ్చ నల్లబడుతోందని, అంటే పిల్లలు పెద్దవవుతున్నాయని చెప్పాడు.

పరీక్ష తేదీ ఇంకా చెప్పలేదు. మా రూములో ఫ్యాను కొక్కెం నుంచి సగం అల్లిన వల వేలాడుతోంది. ఒక్కో కన్ను ఒకే కొలతలో రావడానికి వెదురు చెక్క ఒకటి, దారం చుట్టిన వెదురు సూది ఒకటి కాకా చెక్కి పంపాడు. మా వాడు పడుకునే ముందు యాభై ముడులు వేస్తాడు. ఇరవై ముడులు నాతో వేయిస్తాడు, నావి విప్పి మళ్లీ వేసుకుంటాడు. రాత్రి తొమ్మిది తర్వాత హాస్టల్ వెనక గ్రౌండులో లైటు కింద పాత వల విసురుతున్నాడు. చేపకు బదులు మధ్యలో మెస్ బకెట్ పెడుతున్నాం. మొదట్లో నవ్విన వాళ్లే ఇప్పుడు వరుసలో నిలబడి తమకూ ఒకసారి ఇమ్మంటున్నారు. పదిలో ఆరు గుండ్రంగా పడుతున్నాయి.